ఆర్బిన్ పెదనాన్న పూచీ

శుక్రవారం మధ్యాహ్నంలోగా ట్రెస్సా అక్క కాలేజీ అప్పు కాగితాల మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే సీటు ఇంకెవరికో పోతుందని కాలేజీ నుంచి బ్రెంట్ అనే ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. పొద్దున ఒకసారి, ఆమె డ్యూటీ దిగే వేళకు ఇంకోసారి. "మీ కోసమే ఆపి ఉంచాను ట్రెస్సా గారూ" అనేవాడు. ఆ గొంతులో ఎంత తీపి ఉండేదంటే, ఫోన్ పెట్టేశాక అక్క అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకునేది.

అది 2014. మా కెంటకీ కొండల్లో బొగ్గు గనులు వరసగా మూతపడుతున్న కాలం. పని పోయిన మగవాళ్ళు వరండాల్లో కూర్చుంటే ఆడవాళ్ళ జీతాలతో ఇళ్ళు నడిచేవి. అక్క వృద్ధాశ్రమంలో చేసేది. ముసలివాళ్ళను లేపాలి, కడగాలి, తినిపించాలి, మళ్ళీ పడుకోబెట్టాలి. గంటకు తొమ్మిదిన్నర డాలర్లు. ఇరవై తొమ్మిదేళ్ళకే నడుము పట్టుకుని మెట్లెక్కేది. పెళ్ళి ఎప్పుడో తెగిపోయింది, పిల్లలు లేరు. పెద్దమ్మ పోయినప్పటినుంచీ తండ్రి దగ్గరే ఉంటోంది. మా ఇల్లు వాళ్ళకు ఎగువన, వాగు దాటితే. ఆ వేసవిలో నేను యూనివర్సిటీ నుంచి సెలవులకు వచ్చి ఎక్కువగా వాళ్ళ వంటింట్లోనే ఉన్నాను.

ఆర్బిన్ పెదనాన్న ఇరవై ఆరేళ్ళు గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము నింపుకుని బయటికొచ్చాడు. వంటింటి మూల ఆక్సిజన్ యంత్రం రోజంతా గురకపెట్టేది. దాన్నుంచి సన్నటి గొట్టం ఆయన ముక్కు దాకా. ఆయన ఎటు వెళ్తే అటు నేల మీద పాకుతూ వెళ్ళేది. "ఆవుకి పలుపు, నాకిది" అనేవాడు. కొన్నేళ్ళు పోరాడాక ప్రభుత్వం ఆయన జబ్బుకు నెలనెలా భత్యం మంజూరు చేసింది. ఆ డబ్బు రావడం మొదలవగానే కూతురి చదువును తన పనిగా పెట్టుకున్నాడు.

ఆ చదువు శ్వాస చికిత్స. ఊపిరందనివాళ్ళకు మందు పీల్పించడం, శ్వాసనాళంలో గొట్టం వేయడానికి సాయపడటం, యంత్రం అమర్చి కనిపెట్టుకుని ఉండటం. రెండేళ్ళ డిగ్రీ. చేరడానికి మాకు రెండే దారులు. కమ్యూనిటీ కాలేజీలో అయితే సర్కారు గ్రాంటుతో దాదాపు ఉచితం. కానీ సీట్లు తక్కువ. ముందు శరీరశాస్త్రం, లెక్కలు వగైరా పాసై, ఆ మార్కులతో వరసలో నిలబడాలి. వరస కదిలేసరికి రెండేళ్ళు, ఆపైన చదువు రెండేళ్ళు. రెండోది హైవే పక్కన షాపుల వరసలో కొన్నేళ్ళ కిందట వెలిసిన ప్రైవేటు కాలేజీ. వరస లేదు, వచ్చే నెలలోనే మొదలు, ఇరవై నెలల్లో డిగ్రీ చేతిలో. మొత్తం నలభై నాలుగు వేల డాలర్లు. గ్రాంటు పోగా, ప్రభుత్వం ఇచ్చే అప్పు ఇరవై వేలు పోగా, ఇంకా పదమూడు వేలు బ్యాంకు దగ్గర తేవాలి. ఆ పదమూడు వేలకే ఇంకొకరు పూచీ ఉండాలన్నారు.

నాలుగేళ్ళా, ఇరవై నెలలా. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, డాక్టరు పెదనాన్నకు ఎంతకాలం చెప్పాడో ముగ్గురికీ తెలుసు. నాలుగేళ్ళు చెప్పలేదు. రెండేళ్ళకు మించి చెప్పలేదు.

పూచీ మాట పెదనాన్నే ఎత్తాడు, ఆదివారం భోజనాల దగ్గర. బీన్స్ పులుసులో మొక్కజొన్న రొట్టె నలుపుకుంటూ, ఏదో ఉప్పు అందించమన్నట్టుగా అన్నాడు.

"గంటకి ఇరవై ఒకటి ఇస్తారంట కదే. నేను గని దిగిన కొత్తల్లో నాకిందులో సగం రాలేదు."

"నువ్వు గని దిగినప్పుడు పెట్రోలు మంచినీళ్ళ కన్నా చవక నాన్నా."

"ఎకసెక్కాలు కట్టిపెట్టు. ఆ అప్పు నోటు మీద నా పేరు పెడతా. శుక్రవారం పోదాం."

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "నువ్వు ఆలోచించుకో నాన్నా."

"ఆలోచించే అన్నాను."

మా లోయలో పూచీ ఎవరూ అడగరు. అడగడం చిన్నతనం. ఎదుటివాడే తనంతట తాను అంటాడు. అన్నాక కాదంటే అడగడం కన్నా పెద్ద తప్పు. ట్రక్కు కొన్నా, ట్రైలర్ ఇల్లు కొన్నా ఒకరి నోటు మీద ఇంకొకరి పేరుంటుంది. మా నాన్న ట్రక్కు నోటు మీద పెదనాన్న పేరే ఉంది. గని మూసేసినప్పుడు కొన్ని వాయిదాలు ఆయనే కట్టాడు. మా నాన్న ఒక్క మాట అనలేదు. చలికాలానికి సరిపడా కట్టెలు కొట్టి, అన్న వరండాలో పేర్చి వచ్చాడు. ఇద్దరికీ సరిపోయింది.

బుధవారం చర్చిలో పెదనాన్న లేచి నిలబడి, మా అమ్మాయి ఊపిరి డాక్టరు కాబోతోందని అందరికీ చెప్పాడు. "డాక్టరు కాదు నాన్నా" అని అక్క పక్కనుంచి గొణిగింది. "నువ్వూరుకో, వీళ్ళకేం తెలుసు" అని ఆయన కూర్చుని, పాట ముగిసేదాకా రొప్పుతూనే ఉన్నాడు. బయటికొస్తుంటే ఆడవాళ్ళు అక్క చేతులు పట్టుకున్నారు. ఇక వెనక్కి తగ్గితే ఆమె ఒక్కతే తగ్గినట్టు కాదు.

నిజానికి అప్పటికి ఆమెకు వెనక్కి తగ్గే ఆలోచన లేదు. బ్రెంట్ చెప్పిన లెక్క ఆమెకు కంఠతా వచ్చు. గంటకు ఇరవై ఒకటి, వారానికి నలభై గంటలు, ఏడాదికి నలభై మూడు వేల పైచిలుకు. అప్పు మొత్తం కలిపి ముప్పై మూడు వేలు, నెలకు నాలుగొందల చొప్పున పదేళ్ళు. ఇప్పుడు నెలకు వచ్చేది పదహారు వందలు. అప్పుడు మూడువేల ఆరొందలు. గిన్నెలు తోముతూ ఈ అంకెలు నాకు రెండుసార్లు ఒప్పజెప్పింది. "బాగానే ఉందిగా?" అనడిగింది. బాగానే ఉందన్నాను. లెక్కలు నాకెప్పుడూ రావు, ఉన్నదాన్ని ఉన్నట్టు నమ్మాను.

గురువారం పొద్దున మార్వెట్టా వచ్చింది. ఆక్సిజన్ కంపెనీ వ్యానులో ఇంటింటికీ తిరిగి యంత్రాలు చూసే మనిషి. ఆమె చదివిందీ శ్వాస చికిత్సే.

"మా అమ్మాయి నీకు పోటీకొస్తోంది, చూసుకో" అన్నాడు పెదనాన్న.

"రానీ ఆర్బిన్. నీలాంటి మొండిఘటాలన్నిటినీ తనకే అప్పజెప్పి నేను చేపలు పట్టుకుంటా." వడపోత జల్లెడ మార్చి, ఆయన వేలికి క్లిప్పు తగిలించి రక్తంలో ఆక్సిజన్ అంకె చూసింది. ఏమీ అనకుండా యంత్రం మీద మీట కొంచెం పైకి తిప్పింది. పెదనాన్న కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అక్క ఆమెను వరండా దాకా సాగనంపింది. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను.

"నలభై గంటలని నీకెవరు చెప్పారు?" అంది మార్వెట్టా, అంతా విన్నాక.

"కాలేజీ ఆయన. గంటకి ఇరవై ఒకటి కాదా?"

"ఇరవై ఒకటే. గంటలు ఎన్నని అడిగావా?"

అక్క తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడి రెండు ఆసుపత్రుల్లోనూ కొత్తవాళ్ళని పిలుపు మీద పెట్టుకుంటారు. మంచాలు నిండితే పిలుస్తారు. లేకపోతే ఇంట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చో. మొదటి ఏడాదిన్నర నాకు వారానికి పన్నెండు గంటల షిఫ్టు ఒకటి. రెండొస్తే పండగ. నిండా గంటలు కావాలంటే లెక్సింగ్టన్ పోవాలి. పోతావా?"

"నాన్నని ఎవరి మీద వదిలి పోను?"

"మరి అదే చెప్తున్నా."

అక్క వేళ్ళు ముడుచుకుంటూ లెక్కేసుకుంది. ఒకటిన్నర షిఫ్టు లెక్కన వారానికి పద్దెనిమిది గంటలు. ఇప్పుడు ఆశ్రమంలో వచ్చేదే అప్పుడూ వస్తుంది. అందులోంచి నాలుగొందలు పోతాయి.

"అయినా చేస్తా" అంది చివరికి. "రెండు ఆసుపత్రుల్లోనూ పేరిస్తా, ఆశ్రమం కూడా మానను. నాన్న చూస్తాడు. నాలుగేళ్ళయితే చూడడు మార్వెట్టా."

మార్వెట్టా వ్యాను తలుపు మీద చెయ్యి పెట్టి ఆగింది. "పూచీ ఎవరు?"

"నాన్నే."

ఆమె ఒకసారి వంటింటి కిటికీ వైపు చూసి గొంతు తగ్గించింది. "నాకు మా అత్త పెట్టింది. ఆవిడ నిరుడు ఏప్రిల్లో పోయింది. నేను ఒక్క వాయిదా తప్పలేదు. వేసవి రాకముందే మొత్తం ఒకేసారి కట్టమన్నారు. పూచీ ఉన్న మనిషి లేకపోతే అప్పు అప్పటికప్పుడు తీర్చాలట. ట్రైలర్ పోయింది, మొగుడూ పోయాడు. మొగుడికి అది సాకు అనుకో."

"అన్ని బ్యాంకులూ అంతేనా?"

"అన్నీ కాదు. అడుగు. అడక్కుండా మాత్రం ఆ మనిషి చేత పెట్టించకు. ఇవాళ అంకె చూశాను కదా."

వ్యాను వెళ్ళిపోయాక అక్క చాలాసేపు లోపలికి రాలేదు. వచ్చాక బంగాళాదుంపలు చెక్కు తీయడం మొదలుపెట్టింది. అప్పటికే తీసినవి కూడా మళ్ళీ తీసింది. "ఏమంటోంది అది?" అని పెదనాన్న అడిగాడు. "వానొస్తుందంట" అంది.

ఆ రోజంతా చెప్పాలని చూసింది. ఏం చెప్పాలి? నీ పేరు నాకొద్దు అనాలి. ఎందుకొద్దో చెప్పాలి. అప్పు తీరేలోపు నువ్వు ఉండవని, అది నాకు తెలుసని, కాబట్టి నీ సంతకం నాకు ప్రమాదమని ఆ మనిషి ముఖం మీద అనాలి. ఆయనకు ఇవ్వడానికి ఆ పేరు తప్ప ఏం మిగల్లేదు. ఆయన మాత్రం చర్చికేసుకునే చొక్కా తీసి, ఇస్త్రీ చేయమని ఆమె చేతిలోనే పెట్టాడు. ఆమె చేసింది.

శుక్రవారం అక్క ట్రక్కు నడిపింది, పెదనాన్న పక్కన కూర్చున్నాడు, నేను వెనక సీట్లో అదనపు సిలిండరు ఒళ్ళో పెట్టుకుని. మోసుకెళ్ళే సిలిండరు ఆయన ఊపిరి తీసినప్పుడల్లా టిక్కుమంటుంది. కొండ దిగి హైవే ఎక్కేదాకా ఆయన ఆపకుండా మాట్లాడాడు, టిక్కుకూ టిక్కుకూ మధ్య నాలుగు మాటల చొప్పున. డిగ్రీ ఇచ్చే రోజు ముందు వరసలో కూర్చుంటాడట. సిలిండరు చప్పుడు ఇబ్బందైతే కాసేపు కట్టేస్తాడట.

"నాన్నా" అంది అక్క, పెట్రోలు బంకు దగ్గర.

"ఊ."

"ఆకలేస్తోందా?"

"ముందు పని కానీ."

ఆఫీసులో కార్పెట్ కొత్త వాసన. బ్రెంట్ లేచి వచ్చి పెదనాన్నకు కుర్చీ లాగాడు, మాకు నీళ్ళ సీసాలు ఇచ్చాడు. "ఇలాంటి తండ్రి ఉండటం అదృష్టం ట్రెస్సా గారూ" అన్నాడు. అది అబద్ధం కాదు. కాగితాలు బల్ల మీద పరిచాడు. ఎక్కడెక్కడ పెట్టాలో పసుపు చీటీలు అంటించి ఉన్నాయి.

"ఒక్కటి అడగాలి" అంది అక్క. "మీ దగ్గర చదివినవాళ్ళకు ఇక్కడ వారానికి ఎన్ని గంటలు దొరుకుతున్నాయి?"

"మా వాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా ఉద్యోగాల్లో ఉన్నారండీ."

"ఎన్ని గంటలు?"

"ఆ వివరం మా దగ్గర ఉండదండీ. అది ఆసుపత్రిని బట్టి."

పెదనాన్న విసుక్కున్నాడు. "గంటలదేముందే. చేసేవాళ్ళకి గంటలు కరువా? నేను వారానికి అరవై చేశా."

"మంచాలు నిండితేనే పిలుస్తారట నాన్నా."

"పిలిస్తే పో."

"పిలవకపోతే?"

ఆయనకు తెలిసింది గని పనే. గని ఉంటే ఉంటుంది, మూస్తే మూస్తుంది. పిలుస్తారో లేదోనని ఫోన్ దగ్గర కూర్చోవడం ఆయన ఎరగడు. మా కొండల్లో మగవాళ్ళు గంటకెంతని మాత్రమే అడిగేవాళ్ళు. ఎన్ని గంటలని అడిగితే సోమరిపోతు అనుకునేవాళ్ళు.

"సరే, తక్కువొస్తే నా భత్యం ఉందిగా" అని ఆయన పెన్ను తీసుకున్నాడు. పసుపు చీటీ వెతుక్కుని కాగితం మీదికి వంగాడు. అక్క ఆ సంతకం గీత మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంకొకటి. మా నాన్న పోతే ఈ అప్పు ఏమవుతుంది?"

సిలిండరు టిక్కుమంది. బ్రెంట్ నవ్వు ముఖం మీద అలాగే నిలిచిపోయింది. పెదనాన్న తల తిప్పి కూతురి వైపు చూశాడు. మెడ దగ్గర మొదలై ఎరుపు చెవుల దాకా పాకింది.

"ఏమన్నావు?"

"నువ్వు పోతే అన్నాను నాన్నా."

"పరాయివాళ్ళ ముందా?"

"ఇంట్లో చెప్పలేకపోయాను." ఆమె చెయ్యి తీయలేదు. "నిన్నటినుంచీ చూస్తున్నా. నోరు రాలేదు."

"అంటే నా పేరు నీకు పనికిరాదు."

"నీ పేరు పనికొస్తుంది. అది నువ్వున్నన్నాళ్ళేనంట. తర్వాత మొత్తం నా మీద ఒకేసారి పడుతుందేమో, అది తెలియాలి నాకు."

బ్రెంట్ గొంతు సవరించుకున్నాడు. "సార్, అలాంటివి ఇప్పుడే ఆలోచించక్కర్లేదండీ. మామూలుగా అలా జరగదు."

"ఏది జరగదు?" అన్నాడు పెదనాన్న, అతని వైపు తిరిగి. "నేను పోవడమా?"

"అది కాదండీ, నా ఉద్దేశం..."

"నాకైతే నమ్మకమే, పోతానని. డాక్టరుకి ఇంకా నమ్మకం. పిల్ల అడిగింది కదా, చెప్పు."

బ్రెంట్ కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. చివరికి బ్యాంకుకు ఫోన్ చేశాడు. అవతల చాలాసేపు సంగీతం మోగింది. మేం ముగ్గురం దాన్ని విన్నాం. అక్క చెయ్యి ఇంకా కాగితం మీదే ఉంది, పెన్ను ఇంకా పెదనాన్న వేళ్ళ మధ్యే ఉంది. ఎవరో పలికారు. బ్రెంట్ "అవునా", "సరే", "అర్థమైంది" అన్నాడు. పెట్టేశాక మాలో ఎవరి వైపూ చూడలేదు.

"పూచీదారు చనిపోతే మిగిలినదంతా వెంటనే కట్టమనే హక్కు వాళ్ళకుందట. ప్రతిసారీ అడుగుతారని కాదండీ." కాస్త ఆగి, "ఇంకెవరైనా పూచీ ఉంటే..." అని నావైపు చూశాడు. నేను సిలిండరు పట్టీ సరిచేసుకున్నాను. నా చదువు అప్పు నాకే ఉంది.

"మీ తమ్ముడు గారు?" అన్నాడు పెదనాన్నతో.

"ఆడి ట్రక్కు నోటు మీదే నేనున్నా" అన్నాడు పెదనాన్న. పెన్ను బల్ల మీద పెట్టాడు. విసరలేదు. మెల్లిగా, దొర్లిపోకుండా కాగితాల అంచున ఆనించి పెట్టాడు. "సీటు ఇంకెవరికన్నా ఇచ్చెయ్యి బాబూ. ఎవరి తండ్రి గట్టిగా ఉంటే వాళ్ళకి."

ట్రక్కు ఇంటిదారి పట్టింది. అక్క రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుంది. ఆమె ఏడుస్తోందని భుజాలను బట్టి నాకు తెలిసింది. ఆయనకూ తెలిసే ఉంటుంది, బయటికే చూస్తున్నాడు.

వంతెన దాటాక అడిగాడు. "ఆ కమ్యూనిటీ కాలేజీ ఎన్నేళ్ళన్నావు?"

"వరస రెండేళ్ళు. చదువు రెండేళ్ళు."

"అంటే నేను చూడను."

అక్క గేరు మార్చింది. మలుపు తిరిగాక అంది. "చూడకపోవచ్చు నాన్నా."

"చర్చిలో వాళ్ళకి ఏం చెప్పాలే మరి?"

"నేను చెప్తా."

"నువ్వేం చెప్పక్కర్లేదు. నోరు జారింది నేను." ఊపిరి కోసం ఆగాడు. "తిప్పు బండి. ఆ కాలేజీ ఆఫీసు సాయంత్రం దాకా ఉంటుంది. వరసలో పేరు లేకపోతే వరస ఎట్లా కదులుద్ది?"

అక్క బండి తిప్పింది. ఆ ఆఫీసులో నీళ్ళ సీసాలు ఇవ్వలేదు, కుర్చీ మేమే లాక్కున్నాం. శరీరశాస్త్రం సాయంత్రం తరగతిలో చోటుందన్నారు. ఆశ్రమం డ్యూటీ అయ్యాక వెళ్ళొచ్చు. వరస సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఆదివారం చర్చిలో పెదనాన్న లేచి నిలబడలేదు. ఎవరో అడిగితే "మా అమ్మాయికి ఆ కాలేజీ నచ్చలేదు" అన్నాడు, అదేదో గొడ్డును చూసి వద్దనుకుని వచ్చినట్టు. అక్కతో మాత్రం వారం రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు. పళ్ళెం పెడితే తినేవాడు, సిలిండరు మారిస్తే తల ఊపేవాడు. ఆమె కూడా బతిమాలలేదు. అన్న మాట తప్పయితే వెనక్కి తీసుకోవచ్చు. అది తప్పు కాదు.

అక్క తరగతులు మొదలైన రెండో వారం. నేను యూనివర్సిటీకి బయల్దేరే ముందు చెప్పి వెళ్దామని వెళ్ళాను. అక్క వంటింటి బల్ల దగ్గర పుస్తకం తెరుచుకుని, ఛాతీ బొమ్మ మీద వేలు పెట్టి పేర్లు వల్లిస్తోంది. పెదనాన్న ఎదురుగా కూర్చుని వింటున్నాడు.

"బొమ్మ చూస్తే ఏం వస్తుందే" అన్నాడు ఉన్నట్టుండి. "బీపీ చూడటానికి తెస్తావే, అది తీసుకురా."

"ఎందుకు?"

"వెనక్కి రా ముందు." చొక్కా బొత్తాలు విప్పుకోవడం మొదలుపెట్టాడు. "వాళ్ళు నీకు రెండేళ్ళ తర్వాత చూపిస్తారు. నేనిప్పుడే ఉన్నాగా."

అక్క స్టెతస్కోపు తెచ్చింది. ఆయన వీపు వెనక నిలబడి, చల్లగా ఉంటుందని ఆ బిళ్ళను అరచేతిలో కాసేపు వేడి చేసింది. భుజం దగ్గర పెట్టింది, కిందికి జరిపింది, పక్కకు జరిపింది. పీల్చమంది. ఆయన పీల్చాడు, దగ్గాడు, మళ్ళీ పీల్చాడు. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది.

"ఏం వినబడుతోంది?"

ఆమె బిళ్ళను ఇంకొంచెం కిందికి జరిపింది.

"ఆ ఆఫీసులో ముఖం మీద అన్నావే, అట్లా చెప్పు."

"రెండువైపులా కింద చిటపటమంటోంది" అంది అక్క. "కుడివైపు అడుగున గాలి దాదాపు ఆడట్లేదు నాన్నా."

ఆయన తల ఊపాడు. "ఆ ముక్కని పుస్తకంలో ఏమంటారో చూసి చెప్పు" అని, బొత్తాలు పెట్టుకోకుండా అలాగే కూర్చున్నాడు.